ఎరువు సొమ్ము, సొంత సొమ్ము: చెన్నపట్టణమున విలాసపు కార్ల కొనుగోలు, కౌలు

తనది కాని వస్తువును అనుభవించు విధానములకు తెలుగువారు వేర్వేరు పేర్లు పెట్టియున్నారు. ధనము తెచ్చి ధనము తీర్చుట అప్పు. స్వల్పకాలమునకు వడ్డీ లేక పుచ్చుకొనునది చేబదులు. ఇంటికో, బండికో కాలమును బట్టి సొమ్ము చెల్లించి వాడుకొనుట అద్దె. భూమిని ఒడంబడికపై పుచ్చుకొని సాగుచేసి భూస్వామికి ధాన్యమో రొక్కమో ముట్టజెప్పుట కౌలు. తెచ్చిన వస్తువును వాడుకొని తిరిగి ఆ వస్తువునే ఒప్పగించుట ఎరువు. పెండ్లికి పోవుచు పొరుగింటి హారమును ధరించుట ఈ చివరి తెగలోనిది. దానిని గూర్చియే "ఎరువు సొమ్ము బరువు చేటు" అను సామెత పుట్టినది. ఇచ్చట సొమ్మనగా నగ. సామెత అంతటితో ఆగదు. తీసి యిచ్చునపుడు మనసొప్పక తీపు పుట్టుననియు, అందులో ఒకటి పోయినచో అప్పు మీదపడుననియు హెచ్చరించును. మోయుట, విడుచుట, పోగొట్టుకొనుట అను మూడు నష్టములను ఇంత సంగ్రహముగ చెప్పిన వాక్యము అరుదు.

నేటి చెన్నై వీథులలో ఈ సామెతకు క్రొత్త సందర్భ మేర్పడినది. లక్షల రూపాయల ఖరీదు గల విదేశీ నామములు దాల్చిన కార్లు అణ్ణాసాలైలోను, సముద్రతీరపు రాజమార్గములోను నిత్యము కనిపించును. వానిలో కొన్ని పూర్తి ధర చెల్లించి కొన్నవి. కొన్ని అప్పుతో కొన్నవి. మరికొన్ని, జనవ్యవహారమున లీజు అనబడు కౌలు పద్ధతిపై తెచ్చుకొన్నవి. చూచువారికి ఈ మూటికిని భేదము తెలియదు. అనుభవించువారికి మాత్రము చాల భేదము కలదు. ఆ భేదమెట్టిదో, ఏది యెవరికి తగునో, ఈ వాహనములయం దింతటి ఆకర్షణ యేల కలుగుచున్నదో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

పల్లకి మొదలు మోటారు వరకు

వాహనము గౌరవచిహ్నమగుట మోటారుతో మొదలైనది కాదు. పూర్వము తెలుగుదేశమున పల్లకి యెక్కుట ధనమున్నంతమాత్రమున లభించు భోగము కాదు. ప్రభువు పండితునకో, కవికో, అధికారికో దయచేయు సత్కారమది. కావున పల్లకిలో పోవువానిని చూచిన జనులు వాని ధనమును గాక, వానికి లభించిన మన్ననను తలచుచుండిరి. 18వ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు తమ చిన్న ఉద్యోగులు పల్లకీలలో తిరుగుటను, గొడుగు పట్టించుకొని నడచుటను నిషేధించుచు ఉత్తరువులు పంపిరి. చిహ్నము అంతస్తును మించిపోరాదని వారి యభిప్రాయము. ఉత్తరువులు మరల మరల పంపవలసివచ్చుటయే ఆ చిహ్నమున కెంతటి ఆకర్షణ యుండెనో తెలుపుచున్నది.

పల్లకి పిదప గుర్రపుబండి వచ్చెను. 1840లో మద్రాసున స్థాపితమైన సింప్సను కంపెనీవారు ప్రభువులకు, జమీందారులకు మేలిరకపు బండ్లు చేసి ప్రసిద్ధి గాంచిరి. ఆ సంస్థకు చెందిన శామ్యూల్ జాన్ గ్రీను 1903లో ఆవిరితో నడచు కారును ఈ నగరముననే నిర్మించెను. ఇంచుమించుగ ఆ కాలముననే మోటారుకారు కొన్న తొలి భారతీయుడుగ మద్రాసులో పేరుగాంచినవాడు తెలుగు వైశ్యుడగు తాటికొండ నంబెరుమాళ్ళు శెట్టి. హైకోర్టు, కన్నెమరా గ్రంథాలయము మొదలగు ఎఱ్ఱయిటుక మహాసౌధముల నిర్మాణమున గుత్తదారుగ పేరొందిన వాడాయన. ఆయన ఫ్రెంచి కారునకు ఎం.సి. 3 అను సంఖ్య యుండెను. ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. ఆ కారు ఆయనకు గౌరవము తెచ్చిపెట్టినది కాదు. నగరమున ఆయన నిలిపిన కట్టడముల వలన గౌరవము ముందే కలిగెను; కారు దానివెంట వచ్చెను.

స్వాతంత్ర్యానంతరము కారు దొరకుటయే కష్టమయ్యెను. ఉత్పత్తికి లైసెన్సు, దిగుమతికి అనుమతి, కొనువానికి వరుసక్రమము అను అడ్డంకు లేర్పడెను. రాయబార కార్యాలయములు వాడి విడిచిన విదేశీ కార్లను స్టేట్ ట్రేడింగు కార్పొరేషను ద్వారా సంపాదించుట నాటి సంపన్నులకును, చలనచిత్ర తారలకును గొప్పగ నుండెను. ఆ కాలముననే మద్రాసు సమీపమునగల స్టాండర్డు మోటారు కంపెనీ కార్లు చేయుచుండెను. 1985లో ఆ సంస్థ స్టాండర్డు 2000 అను విలాసపు కారును విడుదల చేసెను. దాని దేహము ఇంగ్లండున పేరొందిన రోవరుది; దాని యంత్రము మాత్రము చిరకాలము క్రిందటి వాన్‌గార్డు కారునకు చెందినది. చూపునకు రాజసము, నడకకు వార్ధక్యము! ఇంధనమును అధికముగ త్రాగుచు, ధరకు తగిన పనితనము చూపజాలక అది విఫలమయ్యెను. 1988 నాటికి ఆ కర్మాగారమే మూతపడెను. పైన పటారము, లోన లొటారము అను మాటకు యంత్రలోకమున ఇంతకన్న తగిన యుదాహరణము దొరకదు.

1993లో ప్రయాణికుల కార్ల పరిశ్రమకు లైసెన్సు తొలగింపబడినది. 2007లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. సంస్థ చెన్నైకి దక్షిణమున, చెంగల్పట్టు సమీపమునగల మహీంద్రా వరల్డు సిటీలో తన కార్ల కూర్పుశాలను నెలకొల్పెను. నాటినుండి విలాసపు కారు దొరకని వస్తువు కాదు. దానిని పొందుటకు అనుమతి అక్కరలేదు, సొమ్ము చాలును. సొమ్ము లేనివారికి దానిని సమకూర్చు పద్ధతులు అంతకు పూర్వమే ఈ నగరమున వేళ్ళూనియుండెను.

కిస్తు, కౌలు: వీని పుట్టుక

వాహనములకు వాయిదాలపై ధనసహాయము చేయు వ్యాపారమున చెన్నపట్టణమునకు భారతదేశమున విశిష్టస్థానము కలదు. 1954లో టి.ఎస్. సంతానం ఆధ్వర్యమున సుందరం ఫైనాన్సు ఇచ్చట వెలసినది. కేవలము కౌలు వ్యాపారమునకే ఏర్పడిన మొదటి భారతీయ సంస్థయగు ఫస్టు లీజింగు కంపెనీ 1973లో ఇచ్చటనే స్థాపితమయ్యెను. లెక్కల అవకతవకల కారణమున ఆ సంస్థ 2013లో రిజర్వు బ్యాంకు ఆంక్షలకు లోనైనను, అది నాటిన పద్ధతి మాత్రము దేశమంతట వ్యాపించెను. 1970వ దశకమున చోళమండలం, శ్రీరాం సంస్థలును ఇచ్చటనే పుట్టినవి.

ఈ సంస్థల తొలి ఖాతాదారులలో లారీ యజమానులు ముఖ్యులు. వారి పద్ధతి అద్దెకొనుగోలు. సంస్థ లారీని కొని వాడుకొనువానికి అద్దెకిచ్చును. అతడు ప్రతినెల కిస్తు చెల్లించును. కడపటి కిస్తు తీరువరకు లారీ సంస్థదే. తీరినపిమ్మట స్వల్పరుసుముతో అది అతని దగును. దీనిని క్రమపరచుటకై 1972లో పార్లమెంటు ఒక చట్టము చేసెను గాని, అది ఎన్నడును అమలులోనికి రాకయే 2005లో రద్దయినది. కావున ఈ వ్యాపారము సామాన్య ఒప్పందపు చట్టమును, న్యాయస్థానముల తీర్పులను ఆధారము చేసికొనియే పెరిగినది.

ఈ పద్ధతి ఏల ఫలించెనో గ్రహించినచో తక్కిన విషయము సులభముగ బోధపడును. లారీ తన కిస్తును తానే సంపాదించుకొనును. నేడు సరకు మోసి తెచ్చిన కిరాయిలోనుండి రేపటి వాయిదా తీరును. అది తీరిననాడు డ్రైవరు యజమాని యగును. తమిళనాడున, తెలుగునాట ఎందరో శ్రామికు లిట్లు గృహస్థులైరి. ఇదే పద్ధతిని విలాసపు కారునకు అన్వయించినపుడు రూపము మారకపోయినను సారము మారినది. సొంతవాడుకకు ఉంచుకొన్న కారు సరకు మోయదు, కిరాయి తేదు. దాని కిస్తు మరియొక సంపాదననుండి తీరవలెను. లారీ సంపాదించు వాహనము, కారు భుజించు వాహనము. రెంటికిని ఒకే పత్రముపై సంతకము చేయుటవలన ఈ భేదము మరుగుపడుచున్నది.

నేడు కారు పొందు మార్గములు ముఖ్యముగ మూడు. మొదటిది సొంత ధనముతో కొనుట. రెండవది బ్యాంకు అప్పుతో కొనుట. ఇందు కారు కొనువానిదే, దానిపై బ్యాంకునకు తాకట్టు హక్కుండును. మూడవది కౌలు, ఇందు కారు సంస్థది, నిర్ణీతకాలము వాడుకొను హక్కు మాత్రము కౌలుదారుది. కౌలులో మరల రెండు తెగలు. వస్తువు విలువ నంతటిని అద్దెల రూపమున రాబట్టుకొని, కడపట స్వల్పవిలువకు కౌలుదారునకే వదలుట ఆర్థిక కౌలు. ఇది పేరునకు కౌలేగాని స్వభావమున అప్పు. కొంతకాలపు వాడుకకు మాత్రమే అద్దె పుచ్చుకొని, కడపట వస్తువును తిరిగి తీసికొనుట వినియోగపు కౌలు. సామెతలోని ఎరువు ఇదియే.

యజమాని ఎవరు?

ఈ ప్రశ్నకు చట్టము ఒకే సమాధానము చెప్పదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 2వ సెక్షనులోని 30వ నిర్వచనమున, అద్దెకొనుగోలు, కౌలు, తాకట్టు ఒప్పందములకు లోబడిన వాహనమునకు ఆ ఒప్పందము క్రింద స్వాధీనమున నుంచుకొన్నవాడే యజమాని యని చెప్పుచున్నది. ప్రమాదము జరిగినను, పన్ను బకాయి పడినను ఎవరిని అడుగవలెనో తెలియుటకై చేసిన యేర్పాటిది. కాని ఆదాయపు పన్ను విషయమున తీర్పు వేరు. కౌలుకిచ్చిన వాహనములపై తరుగుదల మినహాయింపు ఎవరికి చెందవలెనను వివాదమున సుప్రీంకోర్టు 2013 జనవరిలో, ఐ.సి.డి.ఎస్. సంస్థ కేసునందు, రిజిస్ట్రేషను కౌలుదారు పేరనున్నను నిజమైన యజమాని కౌలుకిచ్చిన సంస్థయే యని నిర్ణయించెను. ఒడంబడిక ముగిసినపుడు వస్తువును తిరిగి పుచ్చుకొను హక్కు సంస్థకుండుట ఇందుకు ముఖ్యమగు ఆధారము. వీథిలో ఒకడు యజమాని, లెక్కలలో మరియొకడు!

దీనినుండి చిత్రమగు ఫలిత మొకటి కలుగుచున్నది. మనదేశమున సొంత కారునకు తెల్లని పలకపై నల్లని యక్షరములు, టాక్సీకి పసుపుపచ్చని పలకపై నల్లని యక్షరములు, డ్రైవరు లేకుండ అద్దెకిచ్చు కారునకు నల్లని పలకపై పసుపుపచ్చని యక్షరములు ఉండవలెను. కావున దినపుటద్దెకు తెచ్చిన కారు అద్దెదని పలకయే చాటును. దీర్ఘకాలపు కౌలుపై తెచ్చి కౌలుదారు పేర రిజిస్టరు చేయించిన కారునకు మాత్రము తెల్లపలకయే యుండును. కౌలు సంగతి రిజిస్ట్రేషను పత్రమునందు వ్రాయబడియుండును గాని, ఆ పత్రమును వీథిలో చదువువా రెవరు? ఎరువుహారము ఎరువని మెడలో వ్రాసియుండనట్లే ఇదియును. ఈ మౌనమే కౌలు పద్ధతి యాకర్షణలో సగభాగము.

లెక్క యేమి చెప్పును?

ఊహకందుట కొక యుదాహరణమును తీసికొనవచ్చును. అంకెలు కేవలము కల్పితములు. లెక్కచేయు తీరు మాత్రము సత్యము. అన్ని పన్నులతో కలిసి 60 లక్షల రూపాయలకు లభించు కారు ఒకటి కలదనుకొనవలెను. బీమా, ఇంధనము, డ్రైవరు జీతము ఇరువైపుల సమానములని విడిచిపెట్టవచ్చును.

కొనువాడు 12 లక్షలు ముందుగ చెల్లించి, 48 లక్షలను సాలునకు 9 శాతపు వడ్డీపై 5 సంవత్సరములకు అప్పు తెచ్చెననుకొన్నచో, నెలకు కిస్తు సుమారు 99,640 రూపాయలు. 60 కిస్తులకు 59.78 లక్షలు. ముందు చెల్లించిన దానితో కలిసి 71.78 లక్షలు. అయిదేండ్ల తరువాత కారు 24 లక్షలకు అమ్ముడుపోయినచో నికరపు ఖర్చు 47.78 లక్షలు. ముందు చెల్లించిన 12 లక్షలు బ్యాంకున 6 శాతపు చక్రవడ్డీకి వేసియుండినచో 4.06 లక్షలు వచ్చియుండును. ఆ నష్టమును కూడ చేర్చినచో మొత్తము సుమారు 51.84 లక్షలు.

కౌలుదారు పన్నులతో కలిసి నెలకు లక్ష రూపాయలు చెల్లించెననుకొన్నచో అయిదేండ్లకు 60 లక్షలు. ముందు చెల్లింపు లేదు, అమ్ముకొను పాట్లు లేవు. కడపట చేతిలో కారును లేదు.

పైకి చూడ కొనుగోలు 8 లక్షలకు పైగా లాభకరముగ తోచును. కాని అయిదేండ్ల తరువాత ఆ కారు 24 లక్షలకే అమ్ముడుపోవునని ఎవరు హామీ యీయగలరు? క్రొత్త నమూనా వచ్చి పాతదానికి గిరాకి తగ్గి 15 లక్షలే పలికినచో కొనువాని ఖర్చు 60.84 లక్షలగును. అపుడు కౌలే మేలు. కావున ఆ 8 లక్షల భేదము వృథావ్యయము కాదు. విలువ పడిపోవు ప్రమాదమును సంస్థపై మోపుటకై చెల్లించు మూల్యము. కౌలు యొక్క అసలు మర్మమిదియే. కౌలుదారు కారును వాడుకొనుటతోపాటు, దాని భవిష్యద్ధరను గూర్చిన చింతనుండి విముక్తిని కూడ కొనుచున్నాడు.

కాలమును పొడిగించినచో లెక్క మరల మారును. కొన్నవాడు ఆ కారునే పదియేండ్లు వాడినచో, రెండవ అయిదేండ్లలో కిస్తులు లేవు, మరమ్మతులు మాత్రమే. కౌలుదారు రెండవ అయిదేండ్లకు మరల అద్దె చెల్లింపవలెను. కారు విలువ తొలి రెండు మూడేండ్లలో త్వరితముగను, పిదప నెమ్మదిగను పడిపోవును. కావున తరచు కారు మార్చువాడు, ఏ పద్ధతి నవలంబించినను, ప్రతిసారియు ఆ నిట్రమైన పతనపు ఖర్చునే భరించుచుండును. చిరకాలము ఉంచుకొనువానికి కొనుగోలు, నియమితకాలము వాడి విడుచువానికి కౌలు అనుకూలములు.

కౌలుపత్రములోని షరతులు సామెతలోని మూడు నష్టములను గుర్తుకు తెచ్చును. నెలనెల అద్దె బరువు చేటు. గడువునకు ముందే విడువదలచినచో మిగిలిన అద్దెలలో గొప్పభాగమును చెల్లింపవలసియుండుటయు, గడువు తీరినపుడు అలవాటైన వాహనమును అప్పగించుటయు తీపుల చేటు. నిర్ణీత కిలోమీటర్లకు మించి నడపినందుకును, గీతలకు, సొట్టలకును కడపట వసూలుచేయు సొమ్ము అప్పుల చేటు. కావున సంతకమునకు ముందు చదువవలసినది నెలసరి అద్దెను తెలుపు మొదటి పుట కాదు, కడపటి పుట.

పన్నుల పాత్ర

కౌలు వ్యాపించుటకు పన్నుల విధానము ముఖ్యకారణము. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము క్రింద వ్యాపారమున వాడు కారునకు ఏటేట తగ్గుచున్న విలువపై 15 శాతము తరుగుదల లెక్కింపబడుచుండెను. 60 లక్షల కారు అయిదేండ్లకు లెక్కలలో సుమారు 26.62 లక్షలు నిలుచును. కౌలుకు తెచ్చిన వ్యాపారికి ఈ తరుగుదల లభింపదు గాని, చెల్లించిన అద్దె వ్యాపారపు ఖర్చుగ పరిగణింపబడును. విదేశమున తయారైన కార్ల విషయమున ప్రభుత్వము చిరకాలము కఠినముగ నుండెను. 1975 ఫిబ్రవరి 28 తరువాత, 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న అట్టి కార్లకు, పర్యాటకులకు కిరాయికి నడపునవి మొదలగు కొన్నిటికి తప్ప, తరుగుదల మినహాయింపే లేదు. విలాసమునకు దేశఖజానా సహాయపడరాదను భావమే ఇందుకు మూలము.

జీతగాండ్ర విషయమున మరియొక కారణము కలదు. సంస్థ తన ఉద్యోగికి కారు సమకూర్చి, ఖర్చు భరించి, అతడు దానిని కొంత కచేరిపనికిని కొంత సొంతపనికిని వాడుకొనినచో, 1962 నాటి నియమముల ప్రకారము పెద్ద యంత్రము గల కారునకు నెలకు 2,400 రూపాయలు, డ్రైవరుకు 900 రూపాయలు మాత్రమే అతని యాదాయమున చేర్చుచుండిరి. లక్ష రూపాయల అద్దెగల సౌఖ్యము పన్నులెక్కలో వేలలో తేలిపోవుచుండెను. పెద్ద ఉద్యోగులకు కౌలు ప్రీతిపాత్రమగుటకు ఇదియొక హేతువు.

వస్తుసేవల పన్ను విషయమున కౌలునకు ప్రత్యేకమగు తగ్గింపు లేదు. వస్తువు విక్రయమునకు ఏ శాతమో అద్దెకును అదే శాతము. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద కార్లపై అది 40 శాతము. తమిళనాడు ప్రభుత్వము 2023 నవంబరు నుండి 20 లక్షలకు మించిన కార్లకు ధరలో 20 శాతమును జీవితకాలపు పన్నుగ విధించినది. ఈ భారమును తప్పించుకొనుటకై కొందరు పన్ను తక్కువగల పుదుచ్చేరిలో రిజిస్టరు చేయించి చెన్నైలో నడుపుట కలదు. కాని 12 మాసములకు మించి మరియొక రాష్ట్రమున ఉంచిన వాహనమునకు అచ్చటి సంఖ్య తీసికొనవలెనని మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను శాసించుచున్నది.

2012లో ఇంగ్లండునుండి తెప్పించిన రోల్సు రాయిసు కారుపై రాష్ట్ర ప్రవేశపు పన్నును ప్రశ్నించుచు ప్రసిద్ధ చలనచిత్ర నటుడొకడు వేసిన దావాను 2021 జూలైలో మద్రాసు హైకోర్టు ఏకసభ్య న్యాయపీఠము కొట్టివేసి లక్ష రూపాయల జరిమానా విధించెను. జరిమానాను ఇరువురు న్యాయమూర్తుల పీఠము నిలిపివేసినది. తీర్పునందలి పరుషవ్యాఖ్యలు 2022లో తొలగింపబడినవి. న్యాయము నట్లుంచి, ఆ వార్త ఇంతగ వ్యాపించుటకు కారణమేమి? పన్ను వివాదములు దినదినము కలవు. ఇది కారును గూర్చినది. అదియు రోల్సు రాయిసును గూర్చినది. చిహ్నము మనసులపై చూపు ప్రభావమునకు ఇంతకన్న నిదర్శనమేల?

గౌరవపు ఆకర్షణ

అమెరికా దేశీయుడగు థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ప్రకటించిన గ్రంథమున, ధనికులు వస్తువులను వాడుకకేగాక ప్రదర్శనమునకును కొనుదురని నిరూపించెను. 1976లో ఫ్రెడ్ హర్షు అను ఆర్థికశాస్త్రజ్ఞుడు మరియొక యడుగు ముందునకు వేసి, కొన్ని వస్తువుల విలువ ఇతరులకు అవి లేకపోవుటయందే యున్నదని చూపెను. విలాసపు కారు ఈ రెండు తెగలకును చెందును. దానియందు సుఖము కలదు, రక్షణ కలదు, పనితనము కలదు, వీనిని కాదనరాదు. కాని ధరలో కొంతభాగము ముందరి ముద్రకు చెల్లునది. ఆ భాగపు విలువ చూచువారి కన్నులలో నుండునేగాని కారులో నుండదు.

ఇచ్చటనే కౌలు తన కాలిని తానే నరకుకొనుచున్నది. ముద్ర యొక్క విలువ అరుదుతనమున నున్నది. కౌలు ఆ ముద్రను నెలసరి అద్దెకు అందరికి అందించును. అందరికి అందినకొలది అరుదుతనము తగ్గును. వీథిలో పది కార్లు ఒకే ముద్రతో నిలిచినపుడు పదకొండవవాడు ఇంకను పెద్దదానిని కోరును. ఒడంబడిక ముగియునప్పటికి గౌరవము పాతబడి, క్రొత్త ఒడంబడిక తప్పనిసరి యగును. యంత్రము పదియేండ్లు నడచును. ముద్ర తెచ్చిన గౌరవము రెండేండ్లు నడచుట కష్టము. కారులోని భాగములన్నిటిలో త్వరగా తరిగిపోవునది యిదియే. తరుగుదల పట్టికలలో మాత్రము దీనికి శాతము లేదు.

ఐనను చిహ్నమంతయు వ్యర్థమని చెప్పుట న్యాయము కాదు. కోడంబాకమున చలనచిత్ర పరిశ్రమ వెలిగిన దినములలో నిర్మాత దిగు కారును చూచి పెట్టుబడి పెట్టువారు, చిత్రము కొనువారు వాని స్థితిని అంచనా వేయుచుండిరి. నేడును కొన్ని వృత్తులలో ఖాతాదారుల నమ్మకమునకు వాహనము తోడ్పడును. అట్టివారికి కారు కొంతవరకు లారీవలె సంపాదించు వాహనమే. వ్యాపారలెక్కలలో దానిని చూపి, నియమితకాలమునకు కౌలు తెచ్చుకొనుట వారికి యుక్తము.

జీతముపై ఆధారపడిన మధ్యతరగతి గృహస్థుని సంగతి వేరు. అతని కారు ఎవరి నమ్మకమును సంపాదింపవలెను? తోడియుద్యోగులది, బంధువులది, పాఠశాల వాకిట పిల్లలను దించునపుడు చూచు ఇతర తల్లిదండ్రులది. ఈ చూపుల ధర పిల్లలకే ముందుగ తెలియును. ఏ పిల్లవాడు ఏ కారులో దిగునో తరగతిలో అందరికి తెలిసియుండును. ఏ యింటిలో కిస్తుకై ఏది మానుకొనిరో ఆ యింటి పిల్లవానికి మాత్రమే తెలియును. ఒక పక్షమున గౌరవము, మరియొక పక్షమున చదువు, వైద్యము, ముసలితనమునకు దాచుకొనవలసిన సొమ్ము. లక్ష రూపాయల కిస్తు ఈ రెండవ పక్షమునుండియే తీయబడును. ఉద్యోగము ఒక్క యాఱునెలలు తప్పినచో అప్పుకారును బ్యాంకువారు, కౌలుకారును సంస్థవారు తీసికొనిపోవుదురు. చూపులు అపుడును ఉండును. ఆ చూపుల అర్థము మాత్రము మారును.

ఉపసంహారము

కొనుటయా, కౌలుకు తెచ్చుటయా అను ప్రశ్నకు ముందు అడుగవలసిన ప్రశ్నలు మూడు. ఈ కారు తన ఖర్చును తాను కొంతయైన సంపాదించునా? దీనిని ఎన్నేండ్లు ఉంచుకొందురు? దీనిపై ముద్ర లేకయున్నను ఈ ధర చెల్లింతురా? మొదటిదానికి అవునని, రెండవదానికి మూడునాలుగేండ్లని సమాధానమైనచో కౌలు తగినది. పదియేండ్లు ఉంచుకొనదలచి, అప్పు లేక గాని స్వల్పపు అప్పుతో గాని కొనగలిగినచో కొనుగోలు మేలు. మూడవ ప్రశ్నకు కాదని సమాధానమైనచో కొనవలసినదియు లేదు, కౌలునకు తేవలసినదియు లేదు; చిన్న కారు చాలును.

చెన్నైలో పెండ్లి ఊరేగింపునకు పూలతో నలంకరించిన గొప్ప కారును ఒక పూటకు అద్దెకు తెచ్చుట వాడుక. అది అద్దెకారని పెండ్లికొడుకునకు తెలియును, వియ్యాలవారికి తెలియును, వీథివారికిని తెలియును. అందువలన ఎవరి గౌరవమునకును లోటు రాదు. మరునాడు దానిని తిరిగి పంపునపుడు తీపు పుట్టదు, అప్పు మిగులదు. ఎరువు సొమ్ము నిజముగ చేటు చేయునది ధరించినపుడు కాదు. అది ఎరువని ధరించినవాడే మరచినపుడు.